పెయింటర్‌ని కాస్త ఆగమను

మేనల్లుడికి ఆశీస్సులు.

మీ ఊరి పార్కులో ఉన్న ఆవిరి ఇంజన్‌ని బాగుచేయించే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఫోటో చూశాను. మీటర్‌గేజ్ మీద సరుకు బండ్లు లాగిన వైజీ రకం. గుంతకల్లు షెడ్డులో నా సగం వయసు వాటి కిందే గడిచింది. 1972లో చిత్తరంజన్‌లో ఆఖరుగా తయారైన ఆవిరి ఇంజన్ కూడా వైజీయే.

పెయింటర్‌ని మాట్లాడేశావట. కాస్త ఆగమను. ఒకచోట జెండా పండగకని వారంలో రంగు కొట్టించడం చూశాను. రెండో వానాకాలానికి ఆ రంగు కిందనుంచి తుప్పు పొక్కులు పొక్కులుగా లేచింది.

ముందు గుండ్రటి తలుపు ఉంది చూడు, దాని వెనకది స్మోక్‌బాక్స్, పొగ చిమ్నీలోకి పోయే ముందు చేరే గది. ఇంజన్‌ని తెచ్చి నిలబెట్టిన రోజున అందులో బూడిద ఎవరూ తీసి ఉండరు. బొగ్గులో గంధకం ఉంటుంది. చిమ్నీలోంచి వాన పడి ఆ బూడిద తడిస్తే ఆమ్లమై అడుగు ప్లేటుని తినేస్తుంది. బూడిదంతా తోడించి, చిన్న సుత్తితో తట్టుకుంటూ పో. మంచి ప్లేటు ఖంగుమంటుంది, తిన్నది డొప్ప మోగినట్టుంటుంది. అలా మోగినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టు. ఎస్టిమేట్ ఆ తర్వాత వెయ్యి. చిమ్నీకి లోపల, బయటికి కనపడకుండా రేకు మూత పెట్టించు. బాయిలర్‌ని కడగడానికి అడుగున ఉండే బిరడాలు, వాషవుట్ ప్లగ్గులంటారు, వాటిని ఊడదీసి అలాగే వదిలెయ్, గాలి ఆడుతుంది. ఇంజన్ వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్‌లోనూ నీళ్ళు నిలవకూడదు.

అసలు భయం వేరే ఉంది. బాయిలర్ పైరేకు కింద తెల్లటి పూత ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. మేమైతే దాన్ని నీళ్ళతో కలిపి గోడకి మట్టి మెత్తినట్టు వట్టి చేతుల్తో మెత్తాం, ఎండాక చేతులు దులుపుకుని అన్నం తిన్నాం. ఊపిరితిత్తులకి ప్రమాదమని ఒక్కడూ చెప్పలేదు. రోజుకూలీలతో ఆ రేకు పీకించకు. ముందు పరీక్ష చేయించు, అదేనని తేలితే లైసెన్స్ ఉన్నవాళ్ళకే అప్పగించు. ఖర్చని కమిటీ గొణిగితే గొణగనీ.

ఇంజన్ కాగితాల్లో రైల్వేదా, మునిసిపాలిటీదా అన్నది చేయి పెట్టకముందే తేల్చుకో. నంబర్ ప్లేటు పోయిందన్నావు. చక్రాల్ని తిప్పే ఇనప రాడ్ల మీద పంచ్ కొట్టిన నంబర్లుంటాయి, గ్రీజు గీకి చూడు. కాకపోతే షెడ్డులో ఒక ఇంజన్ రాడ్లు ఇంకోదానికి వేసేవాళ్ళం, ఒక్కచోట చూసి నమ్మకు. మిగిలిన ఇత్తడి సామాను ఏదన్నా ఉంటే తీసి బీరువాలో పెట్టి, బయట నమూనాలు బిగించు. ఇత్తడి కనపడితే దొంగలు వదలరు. సరుకు బండి ఇంజన్‌కి నలుపే అందం, నా మాట విని మీరనుకుంటున్న ఆ నీలం రంగు వద్దు.

1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజన్‌ని 1997లో మళ్ళీ నడిపారు కదా, దీన్నెందుకు నడపకూడదని ఎవరో ఒకరు అడుగుతారు. దాని వెనక పెరంబూరు రైల్వే వర్క్‌షాప్ ఉంది. దీని బాయిలర్ పనిచేసిన రోజుల్లో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి. ఇన్నేళ్ళు వానలో నానిన దాంట్లో నిప్పు వెయ్యాలన్న మాట కూడా రానివ్వకు.

స్మోక్‌బాక్స్ తలుపు పిడి బిగుసుకుపోయి ఉంటుంది. కొట్టకు. కిరోసిన్ పోసి రెండు రోజులాగి తిప్పు. తెరుచుకోగానే లోపలి ఫోటో నాకు పంపు.

మీ మామయ్య