సున్నా వడ్డీ కార్డుతో సేవింగ్స్ మీద సంపాదించవచ్చా?

ప్రశ్న: యూకేలో ఎంఎస్సీ పూర్తిచేసి, చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఎనిమిది నెలలుగా ఉద్యోగం చేస్తున్నాను. మా ఫ్లాట్‌లో ఉండే ఫ్రెండ్ సున్నా శాతం వడ్డీ క్రెడిట్ కార్డు తీసుకుని ఖర్చులన్నీ దాని మీదే పెడుతున్నాడు. జీతాన్ని సేవింగ్స్‌లో ఉంచి వడ్డీ తీసుకుంటున్నాడు. నన్నూ అలాగే చేయమంటున్నాడు. నాకు ఇండియాలో 11 శాతం వడ్డీతో ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కార్డు లిమిట్ 1,500 పౌండ్లు వస్తుందంటున్నారు. ఇది మంచి పనేనా? ఉద్యోగానికి, వీసాకి ఇబ్బంది అవుతుందా?

జవాబు: మీ ఫ్రెండ్ చేస్తున్నది తప్పేమీ కాదు. అక్కడ దీన్ని స్టూజింగ్ అంటారు. కొత్త కస్టమర్ల కోసం కార్డు కంపెనీ కొన్ని నెలల పాటు వడ్డీ వదులుకుంటుంది. ఆ గడువులో మీ జీతం సేవింగ్స్‌లో ఉండి వడ్డీ తెస్తుంది. గడువు తీరే ముందు బాకీ మొత్తం కట్టేయాలి. సేవింగ్స్ వడ్డీ చాలావరకు అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటునిబట్టి మారుతుంది. 2020 మార్చిలో ఆ రేటు 0.1 శాతానికి పడిపోయినప్పుడు ఇలా చేసినా చేతికి వచ్చేదేమీ ఉండేది కాదు. 2023 ఆగస్టుకి ఆ రేటు 5.25కి చేరేసరికి మళ్లీ అందరూ దీని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మీ విషయంలో ఎంత మిగులుతుందో ముందు లెక్క వేద్దాం. మీ లిమిట్ 1,500 పౌండ్లు. సేవింగ్స్ వడ్డీ 4 శాతం, కార్డు గడువు 18 నెలలు అనుకుందాం. మొదటి రోజు నుంచీ లిమిట్ మొత్తం వాడుకున్నారనుకున్నా వచ్చేది 90 పౌండ్లు. నెలనెలా కనీస మొత్తం కట్టాలి కాబట్టి నిజానికి ఇంకా తగ్గుతుంది. అదే గడువు దాటాక బాకీ అలాగే ఉండిపోయి, వడ్డీ ఏడాదికి 24 శాతం పడిందనుకోండి. నెలకు 30 పౌండ్లు పోతాయి. ఏడాదిన్నర కూడబెట్టింది మూడు నెలల్లో ఖర్చయిపోతుంది.

ఇప్పుడు మీ లోన్ సంగతి. అదే 1,500 పౌండ్లు నిజంగా మీ దగ్గర మిగిలిన డబ్బయితే, సేవింగ్స్‌లో ఏడాదికి 60 పౌండ్లు తెస్తుంది. లోన్‌కి కడితే దాదాపు 165 పౌండ్ల వడ్డీ తప్పుతుంది. మీకు ఇంతకంటే మంచి సేవింగ్స్ ఖాతా ఎక్కడా దొరకదు. "అయితే కార్డు వాడి మిగిల్చిన జీతాన్నే లోన్‌కి కట్టేస్తే?" అని మీకు అనిపించవచ్చు. లోన్‌కి కట్టింది మళ్లీ వెనక్కి రాదు. 18వ నెలలో కార్డువాళ్లకి కట్టాల్సిన 1,500 ఎక్కడి నుంచి తెస్తారు? అప్పటికి జీతం వస్తూనే ఉంటుందని గట్టిగా చెప్పగలిగితేనే ఆ ఆలోచన చేయాలి. రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసాలో ఎనిమిది నెలలు అయిపోయిన మీరు ఆ మాట చెప్పలేరు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది వడ్డీ రేటు కాదు, సేవింగ్స్ ఖాతాలో కనిపించే అంకె. ఫోన్ తెరిస్తే 1,500 కనిపిస్తుంది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి చెల్లి ఫీజుకి కాస్త సర్దమంటే, ఆ అంకె చూసి కాదనలేరు. కానీ అది మీ డబ్బు కాదు, కార్డు కంపెనీది.

నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయికి జరిగింది చెబుతాను. కనీస మొత్తం నెలనెలా ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంది, అంతా జాగ్రత్తగానే చేసింది. ఆరో నెలలో బ్యాంకు మారి పాత ఖాతా మూసేసింది. కార్డుకి కొత్త ఖాతా ఇవ్వడం మర్చిపోయింది. ఇల్లు కూడా మారింది, ఉత్తరాలు పాత అడ్రసుకే వెళ్లాయి. విషయం తెలిసేసరికి 12 పౌండ్ల ఫైన్ పడింది, సున్నా వడ్డీ ఆఫర్ రద్దయింది. పైగా కట్టని ఆ నెల ఆమె క్రెడిట్ రికార్డులోకి, అంటే అప్పులు ఎలా కడుతున్నారో చూపే చరిత్రలోకి, ఎక్కింది. అలాంటి గుర్తు అక్కడ ఆరేళ్లు ఉంటుంది. ఎంత టెన్షన్ పడిందో నేను చూశాను.

ఉద్యోగం గురించి అడిగారు. కార్డు వాడినంత మాత్రాన వీసాకి ఇబ్బందేమీ లేదు. అయితే బ్యాంకింగ్, ఫైనాన్స్ ఉద్యోగాలిచ్చే కంపెనీలు ఆర్థిక చరిత్ర కూడా చూస్తుంటాయి. మీరు అటువైపు వెళ్లాలనుకుంటే ఒక్క వాయిదా కూడా తప్పకూడదు. రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగినా చూసేది ఈ రికార్డే.

నన్నడిగితే, ఇప్పుడు స్టూజింగ్ వద్దు. మామూలు కార్డు ఒకటి తీసుకుని, నెలకు కొంచెం వాడి, బిల్లు మొత్తం డైరెక్ట్ డెబిట్‌తో కట్టేయండి. దాంతోనే అక్కడ మీ క్రెడిట్ చరిత్ర మొదలవుతుంది. రెండు మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో ఉంచుకుని, మిగిలింది లోన్‌కి పంపండి.

లోన్ తీరి, కంపెనీ వీసా స్పాన్సర్‌షిప్‌తో ఉద్యోగం స్థిరపడ్డాక చేయాలనుకుంటే అప్పుడు చేయండి, నేను కాదనను. దరఖాస్తుకి ముందు అర్హత చూసుకునే సాఫ్ట్ సెర్చ్ వాడండి, దానివల్ల మీ స్కోరు తగ్గదు. ప్రకటనలో "24 నెలల వరకు" అని ఉన్నా మీకు తక్కువ నెలలే ఇవ్వవచ్చు, ఒప్పందంలో తేదీ చదవండి. ఆ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి, నగదుకి సున్నా వడ్డీ సాధారణంగా వర్తించదు, ఫీజు కూడా పడుతుంది. ఒక కార్డు బాకీని ఇంకో కార్డుకి మార్చుకుంటే (బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్) చాలా కార్డులు మూడు శాతం దాకా ఫీజు తీసుకుంటాయి, మీకు రావలసిన వడ్డీలో చాలా భాగం అక్కడే పోతుంది. పన్ను గురించి మాత్రం బెంగ వద్దు. ఆదాయపు పన్ను బేసిక్ రేటులో, అంటే కింది శ్లాబులో, కట్టేవారికి సేవింగ్స్ వడ్డీ ఏడాదికి 1,000 పౌండ్ల వరకు పన్ను లేకుండా వస్తుంది.

ఈలోగా మీరు నాకు రాయాల్సిన విషయం వేరే ఉంది. గ్రాడ్యుయేట్ వీసా అయిపోయాక ఉద్యోగంలో కొనసాగాలంటే కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. 2025 జూలై నుంచి దానికి సాధారణ జీతం పరిమితి 41,700 పౌండ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి కొంత సడలింపు ఉంటుంది. మీ జీతం ఎంత, మీ కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉందా? ఈ వారమే మీ హెచ్‌ఆర్‌ని అడిగి, వాళ్లు చెప్పింది నాకు పంపండి.