ఇండోనేషియా పల్లెలో స్థలం కొనొచ్చా? నా ఐదు మిలియన్ల బయానా కథ

"ఇండోనేషియాలో ఏదో ఒక పల్లెటూళ్లో చవగ్గా స్థలం కొనుక్కుని ఉండిపోవచ్చా?" అని అడిగారు.

కొనలేరండి. 1960 నాటి వాళ్ల భూచట్టం ప్రకారం 'హక్ మిలిక్', అంటే పూర్తి యాజమాన్యం, ఆ దేశ పౌరులకే. (హక్ అంటే మన హక్కే. భార్యని ఇస్త్రి అంటారు, నేలని బూమి అంటారు. రెండు నెలల్లో భాష పట్టుబడింది.) మనలాంటి వాళ్లకి మహా అయితే 'హక్ పకాయ్', వాడుకునే హక్కు, అదీ గడువు పెట్టి. బాలిలో విల్లా ముందు నిలబడి "లోకల్ ఫ్రెండ్ పేరు మీద కొనేయండి బ్రో" అనే యూట్యూబ్ వాళ్ల మాట వినకండి. ఆ బినామీ బేరం అదే చట్టం కింద చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడానికీ ఉండదు.

ఇదంతా తెలిసి కూడా నేను బయానా ఇచ్చాను.

మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్ని. 2018లో పశ్చిమ సుమత్రా తీరంలో, పాడాంగ్ పరియామన్ జిల్లాలో, వనామీ రొయ్యల చెరువుల పనికి వెళ్లాను. కంపెనీ ఇచ్చిన షెడ్డులో రాత్రంతా చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత భరించలేక ఊళ్లో ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకున్నా. ఆ ఇంటాయన్ని అందరూ 'అజో' అనేవారు, ఆ వైపు అన్నయ్యకి వాడే మాట. నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఫొటోల్లో కనపడే కొమ్ముల కప్పు ఇళ్లు కొండ వైపు ఎక్కువ. మాది సిమెంటు గోడలు, రేకుల కప్పు, 2009 భూకంపానికి వంటింటి గోడలో పడ్డ పగులు అలాగే ఉండేది. వెనక ఓ ఎనిమిది సెంట్ల కొబ్బరి తోట. కాయలు దింపేది కోతి. నిజంగానే. నడుముకి తాడు కట్టి కింద నుంచి మాటలతో నడిపిస్తారు, పండిన కాయని మెలితిప్పి మరీ కింద పడేస్తుంది. మన కోనసీమ దింపు కార్మికులు చూస్తే గుండె ఆగిపోతుంది.

ఆ తోట మీద మనసు పడ్డాను. ఒకరోజు సాయంత్రం లపావ్‌లో, అంటే ఊరి కాఫీ కొట్లో, 'తే తలూవ' తాగుతున్నాం. గుడ్డు సొన, పంచదార నురగొచ్చేలా గిలక్కొట్టి మరిగే టీ పోస్తారు. మొదటిసారి వాంతొచ్చినంత పనైంది, తర్వాత రోజూ అదే. అజో మెల్లగా "ఆ తోట నువ్వు తీసుకో, కాగితం నా పేరునే ఉంటుంది" అన్నాడు. ఐదు మిలియన్ రుపియాలు, అప్పట్లో మన డబ్బులో దాదాపు పాతిక వేలు, చేతిలో పెట్టాను. రసీదు రాసి 6000 రుపియాల స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేశాడు. స్టాంపు చూసేసరికి మనవాడికి ధైర్యం వచ్చేస్తుంది కదా.

నాలుగో రోజు అజో భార్య అన్నగారు పెకాన్‌బారు నుంచి రాత్రి బస్సులో దిగాడు. అక్కడ భోజన హోటలు నడుపుతాడు. వాళ్ల భాషలో 'మామక్', అంటే మేనమామ. ఆ మాట మనకి అనువాదం అక్కర్లేదు, కానీ అధికారం మాత్రం మన మేనమామకి కలలో కూడా ఉండదు. వాళ్లు మినాంగ్‌కబావ్ జనం. పక్కా ముస్లింలు, అయినా వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. తాతముత్తాతల నాటి పొలం, ఇల్లు, తోట తల్లి నుంచి కూతుళ్లకి. మగవాడు తన అక్కచెల్లెళ్ల ఆస్తికి కాపలాదారు, పెళ్లాం ఇంట్లో అతిథి. ఇంటల్లుణ్ని "మోడు మీది బూడిద" అంటారు, గాలి వీస్తే పోతుందని. సొంతంగా సంపాదించుకున్నది వేరే లెక్క. ఆ తోట మాత్రం అజో భార్య వైపు పూర్వీకులది.

మామక్ నా రసీదు చదివి, నలగకుండా మడిచి నాకే ఇచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. మాట్లాడింది ముసలావిడ, అజో అత్తగారు, అందరూ అమక్ అనే ఆవిడ. చాప మీద కూర్చుని నా ముందు వేళ్లు మడిచింది. "ఇంట్లో శవం లేవకుండా ఉందా? పెళ్లికాని ఎదిగిన పిల్ల ఉందా? ఇంటి కప్పు కారుతోందా? కులపెద్ద పదవి నిలబెట్టాల్సి వచ్చిందా?" పూర్వీకుల భూమిని తాకట్టు పెట్టడానికైనా ఆ నాలుగే కారణాలట. అమ్మకం మాట అసలు లేదు. "నాలుగూ లేవు. మరి నీకెందుకిచ్చాడు?"

అజో చాప పోగులు లాగుతూ కూర్చున్నాడు. తర్వాత బయటపడింది. అజో చెల్లెలి కూతురికి పెళ్లి. ఆ పిల్లకి మామక్ మన అజోనే. పరియామన్ వైపు పెళ్లికొడుక్కి పెళ్లికూతురి వాళ్లు 'ఉవాంగ్ జపుయిక్' ఇవ్వాలి. కట్నమండీ, ఇంకేం కాదు! అబ్బాయి చదువు, ఉద్యోగం చూసి రేటు. వచ్చినవాడు బ్యాంకు ఉద్యోగి. ఆడపిల్లకి ఆస్తి ఇస్తే కట్నం పోతుందని మన టీవీ చర్చల్లో చెప్పేవాళ్లని తీసుకెళ్లి ఆ ఊళ్లో దింపాలి.

"ఎదిగిన పిల్ల ఉందిగా అమక్" అన్నాన్నేను, తెలివిగా. ఆవిడ నవ్వింది. "అది మా పిల్ల కాదు. వాళ్ల అమ్మ పొలం వాళ్లని తాకట్టు పెట్టుకోమను."

అదే జరిగింది. అజో చెల్లెలి వరిపొలం ఊళ్లోని ఒక టీచరమ్మకి పది 'ఎమాస్‌'కి తాకట్టు వెళ్లింది. అక్కడ తాకట్టు లెక్క రుపియాల్లో ఉండదు, బంగారంలో. ఒక ఎమాస్ అంటే రెండున్నర గ్రాములు. విడిపించేదాకా పంట టీచరమ్మదే. ఏడేళ్లు తాకట్టులో ఉన్న పొలాన్ని ఉచితంగా వెనక్కివ్వాలని వాళ్ల 1960 చట్టాల్లోనే ఉంది, కానీ లపావ్‌లో ఆ మాటెత్తితే చట్టం వేరు ఆచారం వేరు అని, ఆడుతున్న డామినో బిళ్లల్ని బల్ల మీద చప్పుడయ్యేలా కొడతారు. నా ఐదు మిలియన్లలో మూడున్నర ఆ తాకట్టు డబ్బులోంచి వచ్చాయి. మిగతావి అజో కొబ్బరికాయల రూపంలో తీర్చాడు. ఒంటరిగాడికి ఎన్ని కాయలు కావాలండీ?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన దగ్గర ఆడపిల్లకి ఆస్తిలో సమాన హక్కు ఎన్టీఆర్ కాలంలోనే, 1985 నుంచే వచ్చింది. మా అక్క సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తన వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి, "తమ్ముడికేగా" అని నవ్వింది. ఆ తమ్ముణ్ని నేనే. ఆ వరిచేను ఇప్పుడు రొయ్యల చెరువు, లీజు డబ్బులు నాకే వస్తాయి. అమక్ వేళ్లు మడిచి అడిగితే ఆ నాలుగింట్లో ఏ కారణం చెప్పేవాణ్నో తెలీదు.

కాబట్టి, మీకు ఆ పల్లెలు నచ్చితే గది అద్దెకి తీసుకోండి. దిగిన 24 గంటల్లో ఊరిపెద్దకి చెప్పడం మర్చిపోకండి, పాస్‌పోర్టు జిరాక్సు తీసుకెళ్లండి. అద్దె ఇంటాయన చేతికి కాదు, ఇంటావిడ చేతికి ఇవ్వండి.

నేను 2020 ఫిబ్రవరిలో, కరోనా ముందు, వచ్చేశాను. అజో ఇప్పటికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. మేనకోడలికి ఇద్దరు పిల్లలు. పొలం మాత్రం ఇంకా టీచరమ్మ దగ్గరే ఉంది. పది ఎమాస్ తీసుకున్నారు కాబట్టి పది ఎమాస్ ఇచ్చే విడిపించుకోవాలి. బంగారం ధర ఇప్పుడెక్కడుందో మీకు నేను చెప్పాలా?