బర్రె అడ్డం వచ్చిందా, బాల్ జాయింట్ విరిగిందా?

ప్రశ్న: వకీల్ సాబ్, మాది దేవరకొండ దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. చందంపేట దిక్కు గుట్టల్లో, తండాల దారుల్లో తిరగడానికి రెండేళ్ల కింద అప్పు చేసి థార్ తీసుకున్న. కింద తగులుతోందని హైదరాబాద్‌లో ఒక షాపులో 85 వేలు పెట్టి, బండిని రెండించులు పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయించిన. ఇప్పటికి 22 నెలలు. 'ఆర్టీఓ అప్రూవ్డ్' అన్నడు. ఎనిమిది నెలల కింద రాత్రి డిండి నుంచి వస్తుంటే బర్రె అడ్డమొచ్చింది, తప్పించబోతే బండి కల్వర్టుకు గుద్దుకుంది. ముందు ఎడమ చక్రం పైన, చక్రాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ విరిగి చక్రం పక్కకు వాలిపోయింది. మనుషులకు ఏం కాలేదు. రిపేరుకు 4 లక్షల 10 వేలు అన్నరు. 'చెప్పకుండా బండిని మార్చారు' అని ఐదు నెలల కింద ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ రిజెక్ట్ చేసిన్రు. షాపాయనకు 'నీ కిట్ వల్లే స్టీరింగ్ లూజై యాక్సిడెంట్ అయింది' అని వాట్సాప్ పెట్టిన. ముందు దబాయించిండు, ఇప్పుడేమో కిట్ ఊడదీసి కంపెనీ స్ప్రింగులు వేస్తా, పాత తేదీతో షాక్ అబ్జార్బర్ల బిల్లు ఇస్తా, మళ్లీ సర్వే అడుగు అంటున్నడు. ఇంట్లో రోజూ తిట్లు, నిద్ర పడతలేదు. ఇద్దరి మీదా కేసు వేయొచ్చా? ఇకముందు ఏ కిట్ వేయిస్తే ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది రాదు?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా షాపాయన మాట తీరు గురించి, ఇంట్లో వాళ్ల మాటల గురించి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నా, రేపు కేసు వినే వినియోగదారుల కమిషన్ కూడా పక్కనే పెడుతుంది. నేను రెండుసార్లు చదివింది రెండు వాక్యాలే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో మీరు రాసింది బర్రె అడ్డమొచ్చిందని. షాపాయనకు వాట్సాప్‌లో పెట్టింది కిట్ వల్ల స్టీరింగ్ లూజైందని. ఇద్దరి మీదా కేసు వేస్తే, ఈ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పక్కపక్కన ఉంటాయి. ఇన్సూరెన్స్ వకీలు మీ వాట్సాప్ చూపించి 'చూశారా, కిట్ వల్లే ప్రమాదమని ఆయనే అంటున్నాడు' అంటాడు. షాపు వకీలు మీ క్లెయిమ్ ఫారం చూపించి 'చూశారా, బర్రె వల్ల అని ఆయనే రాశాడు' అంటాడు. మీ కాగితాలతోనే ఇద్దరూ బయటపడతారు.

కాబట్టి మీ కేసును తేల్చేది ఒక్కటే: బాల్ జాయింట్ గుద్దుకోక ముందు విరిగిందా, గుద్దుకున్నాక విరిగిందా? ముందే విరిగితే షాపు జవాబు చెప్పాలి. గుద్దుడుకు విరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు జవాబు చెప్పాలి. ఆ సంగతి మీరు చెప్తే కాదు, ఆ ముక్క చెప్పాలి. మీరేమో ఉత్తరం చివర్లో ఒక్క మాటలో 'విరిగినవి నల్లగొండలో మెకానిక్ దగ్గరే వదిలేసిన' అని రాసి ఊరుకున్నారు! ఎనిమిది నెలలు. ఈపాటికి పాత ఇనుప సామాన్లవాడి బండి ఎక్కకపోతే అది మీ అదృష్టం. ఈ పేపరు పక్కన పడేసి ముందు ఆ మెకానిక్‌కు ఫోన్ చేయండి.

దొరికితే దాన్ని కడగొద్దు, కిరోసిన్ పెట్టొద్దు, గ్రీజు తుడవొద్దు. రెండు ముక్కలనూ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మెకానిక్ సంతకంతో తేదీ రాయించి దాచండి. ఎందుకంటే, లోహం కొన్ని నెలలుగా కొద్దికొద్దిగా పగులుతూ వచ్చి విరిగితే విరిగిన ముఖం మీద కొంత భాగం నునుపుగా, పాత తుప్పుతో ఉంటుంది, ఒక్క దెబ్బకు విరిగితే ముఖమంతా గరుకుగా కొత్త లోహంలా మెరుస్తుంది. ఎనిమిది నెలలు షెడ్డులో పడి ఉన్నాక ఆ తేడా కొంత చెరిగిపోయి ఉండొచ్చు, అందుకే ప్రమాదం జరిగిన వారంలో ఇన్సూరెన్స్ తరఫున నష్టం చూడ్డానికి వచ్చిన సర్వేయర్ తీసిన ఫొటోలకు ఇప్పుడు విలువ పెరిగింది. సర్వే రిపోర్టు, ఫొటోలు కావాలని ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, కాపీ అడగడం మీ హక్కు. పోలీసులు వచ్చారని రాశారు, స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో దీని ఎంట్రీ కాపీకి దరఖాస్తు పెట్టండి. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి ఉంటే ఆ రిపోర్టు తప్పకుండా తీసుకోండి, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగిందా కాదా అన్న గడి అందులో ఉంటుంది.

బండి ఇంకా కిట్‌తోనే ఉంది కదా, అలాగే ఉంచండి. ఒక మెకానికల్ ఇంజినీర్‌ను గానీ లైసెన్స్ ఉన్న వేరే సర్వేయర్‌ను గానీ పిలిపించి, చక్రం హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు పక్కలా టేపు పెట్టి కొలిపించి ఫొటోలు తీయించండి. ఎన్ని ఇంచులు లేచిందో అక్కడ తెలుస్తుంది, షాపాయన చెప్పింది రెండైతే ఉన్నది మూడు కావచ్చు. తనిఖీ రోజు ముందే షాపుకు, ఇన్సూరెన్స్‌కు రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయండి, రాకపోతే వాళ్ల ఇష్టం.

ఇప్పుడు ఆ పాత తేదీ బిల్లు సంగతి. దాని జోలికి పోవద్దు. కిట్ ఉన్న ఫొటోలు సర్వేయర్ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, రిజెక్షన్ లెటర్‌లో దాని గురించే రాశారు. అది ఊడదీసి, తప్పుడు బిల్లు పెట్టి మళ్లీ సర్వే అడిగితే, ఇవాళ సివిల్ తగాదా ఉన్న మీరు రేపు భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం, 336 కింద ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతారు. బిల్లు ఇచ్చినవాడు అప్పుడు 'ఆయనే అడిగిండు' అంటాడు. పైగా కిట్ ఊడదీయడమంటే షాపుకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని షాపాయన చేతిలోనే పెట్టడం. ఆయనకు మీ మీద ఒక్కసారిగా ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో ఆలోచించారా? ఇన్‌స్టాలో 'రెండించుల లిఫ్ట్' అని పెట్టిన రీల్స్ కూడా ఇప్పుడు డిలీట్ చేయకండి, కొత్తవి పెట్టకండి.

గడువుల్లోకి వద్దాం, ఇక్కడ మీ నిర్లక్ష్యం నాకు కోపం తెప్పించింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లు. ప్రమాదం రోజే లోపం బయటపడింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని మనం వాదించొచ్చు, కానీ షాపు వకీలు మొదటి అభ్యంతరమే కిట్ వేసిన తేదీ మీద పెడతాడు. ఆ లెక్కన మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది, కానీ 'ఏజెంట్ చూసుకుంటా అన్నడు' అనేది కారణం కిందకు రాదు. ఐదు నెలలుగా ఏజెంట్‌కు ఫోన్లు, కస్టమర్ కేర్‌కు మెయిళ్లు పెడుతూ కూర్చున్నారు. ఎన్ని మెయిళ్లు పెట్టినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఇన్సూరెన్స్ మీద మాత్రం రిజెక్షన్ లెటర్ నుంచి రెండేళ్లు కాబట్టి టైమ్ ఉంది.

85 వేలకు మీ దగ్గరున్నది జీఎస్టీ నంబరు లేని తెల్ల చిట్టీ. తోటలో డ్రిప్ పైపు కొంటే పక్కా బిల్లు అడిగే మనిషి దీనికెందుకు అడగలేదు? సరే, యూపీఐలో డబ్బులు వెళ్లాయి కదా, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఏ పేరుమీద జమ అయిందో చూడండి. షాపు బోర్డు పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి ఉంటుంది, కేసు వేయాల్సింది ఆ మనిషి మీద. వాట్సాప్ చాట్‌కు స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి, ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. కాపీలతో పాటు ఫోన్‌లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ పెట్టాలి, అది మీ వకీలు తయారు చేస్తాడు. 'ఆర్టీఓ అప్రూవ్డ్' అని ఆయన ఆ చాట్‌లోనే రాసి ఉంటే, మీ కేసులో సగం బలం అదే.

చట్టం మీ వైపు ఎంత ఉందో కూడా వినండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు, అది ఓనరుకే. అంటే మీరు పూర్తిగా అమాయకులు కారు. కానీ మార్పు చేసినంత మాత్రాన ఇన్సూరెన్స్ మొత్తం పోదు. 1996లో బి.వి. నాగరాజు కేసులో గూడ్స్ బండిలో పరిమితికి మించి మనుషులు ఎక్కినా, ప్రమాదం వాళ్లు ఎక్కినందువల్ల జరగలేదు కాబట్టి కంపెనీ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు అంది. 2010లో అమలేందు సాహూ కేసులో షరతు తప్పినా క్లెయిమ్‌ను మొత్తంగా కొట్టేయకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి ఇవ్వమంది, ఆ పద్ధతిలో 75 శాతం వరకు వస్తుంది. గుద్దుడుకే విరిగిందని తేలితే మీరు అడగాల్సింది ఇదే.

కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఒకే ఫిర్యాదు, ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి వేయండి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే చోట వేయొచ్చు, సెక్షన్ 34 అందుకే ఉంది. మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అఫిడవిట్‌లో ఊహలు రాయొద్దు. బర్రె వచ్చింది, తిప్పాను, స్టీరింగ్ చేతికి ఎలా అనిపించింది, ఏ క్షణంలో అనిపించింది, అంతే, జరిగిన వరుసలో. 'కిట్ వల్లే' అనే మాట మీది కాదు, నిపుణుడిది. ఆ ముక్కను సీల్ చేసి ల్యాబ్‌కు పంపమని సెక్షన్ 38 కింద దరఖాస్తు పెట్టి, తేలినదాన్ని బట్టి ఎవరో ఒకరి నుంచి ఇప్పించమని ప్రత్యామ్నాయంగా అడగండి.

ముక్క దొరక్కపోతే షాపును వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. రిజెక్షన్ నుంచి ఏడాది లోపే వెళ్లాలి, ఫీజు లేదు, వకీలును రానివ్వరు కూడా. అయితే కమిషన్‌లో ఇదే విషయం మీద కేసు నడుస్తుంటే అక్కడ తీసుకోరు, రెండు చోట్లా కాలు పెట్టకండి.

ఇక ఏ కిట్ అన్న ప్రశ్న. నేను మెకానిక్‌ను కాను, కానీ మీ బండి ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్, అంటే ముందు ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి, ప్రతి చక్రం విడిగా కదులుతుంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్ మీద స్పేసర్ అనే దిమ్మ పెట్టి లేపితే పై బాల్ జాయింట్, యాక్సిల్ జాయింట్లు ఎప్పుడూ వంగిన కోణంలోనే పనిచేయాలి, చవక కిట్‌లో ఈ కోణాన్ని సరిచేసే ఆర్మ్‌లు ఇవ్వరు. స్ప్రింగుకు టెస్ట్ రిపోర్ట్ ఉందని చూపిస్తారు, అది ఆ స్ప్రింగు గట్టితనానికి కాగితం, మీ బండికి అనుమతి కాదు. చందంపేట గుట్టల్లో తోటకు పోయి రావడానికి కంపెనీ ఎత్తు, కంపెనీ అనుమతించిన సైజులో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, కింద దెబ్బ తగలకుండా కాపాడే ఒక స్కిడ్ ప్లేట్ చాలు. అయినా లేపాల్సిందే అనుకుంటే, డబ్బు కట్టకముందు కిట్ పేరు, ఎన్ని ఇంచులు, ధర రాసి ఆర్టీఓకు ఒక దరఖాస్తు, ఇన్సూరెన్స్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. ఆర్టీఓ ఒప్పుకుంటే, ఇన్సూరెన్స్ వాళ్లు ఆ మార్పును పాలసీ మీద రాసి ఎండార్స్‌మెంట్ ఇస్తే వేయించుకోండి, ఆ రెండు కాగితాలు రాకపోతే వేయించొద్దు.