బొటనవేలి మొదట్లో నొప్పి.. ఎముక అరిగిపోయిందా?

ప్రశ్న: నా వయసు 38. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. కిలోల లెక్కన కూలి. రెండు నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన విపరీతమైన నొప్పి. గిన్నె ఎత్తలేను, బట్టలు పిండలేను. ఎముక అరిగిందని, కాల్షియం వేసుకోమని అంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుంటే కాసేపు బాగుంటోంది. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా

డాక్టర్ సలహా: మీరు రాసినదాన్ని బట్టి ఇది ఎముక అరుగుదలలా లేదు. కాల్షియంతో తగ్గే నొప్పీ కాదు. వేళ్లను కదిపే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటిని ఎముకలకు కలిపే టెండన్లు తాళ్లలా మణికట్టు దాటి వేళ్లకు చేరతాయి. బొటనవేలిని ఎడంగా చాపే రెండు టెండన్లు మణికట్టు అంచున ఒకే ఇరుకు దారిలోంచి పోతాయి. రోజంతా పప్పు నొక్కిపట్టి కత్తి తిప్పుతుంటే ఆ దారి చుట్టూ ఉన్న పొర మందమై, వేలు కదిపినప్పుడల్లా టెండన్లు ఒరుసుకుంటాయి. డాక్టర్లు దీన్ని డీ కెర్వాన్ సమస్య అంటారు. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకూ ఇది మామూలే.

బొటనవేలిని పిడికిట్లో పెట్టి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. అక్కడే సలుపు పుడితే అనుమానం బలపడుతుంది. ఒక్కసారి చాలు, పదేపదే చేయొద్దు.

అసలు మందు బొటనవేలికి విశ్రాంతి. కిలోల కూలిలో అది కష్టమని తెలుసు. కనీసం నెల రోజులు గ్రేడింగ్ (పప్పును రకాలుగా ఏరి వేరుచేసే) పనికి మార్చమని అడగండి. బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ (గట్టి ఆధారపు పట్టీ) వాడాలి, ఉత్త మణికట్టు పట్టీ చాలదు. తగ్గకపోతే ఆ పొరలోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి ఉపశమనం వస్తుంది. షుగర్ ఉంటే ముందే చెప్పండి. ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే.

నాకు మీ నొప్పి కంటే ఆ మాత్రల మీదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. మీది ఉద్దానం ప్రాంతం, అక్కడ కిడ్నీ జబ్బుల సంగతి మీకు కొత్త కాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. వాటిని ఇవాళే ఆపి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఆ రిపోర్టుతోనే టెక్కలి జిల్లా ఆస్పత్రిలోనో, శ్రీకాకుళం రిమ్స్‌లోనో ఎముకల డాక్టర్‌కు చూపించండి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కుతుంటే అది నరానికి సంబంధించిన వేరే సమస్య, ఆ మాటా డాక్టర్‌కు చెప్పండి.