అడ్వాన్స్ కట్టే ముందు మే దాకా ఆగండి

బిడ్డా,

మొన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. హన్మకొండ నుంచి ఏదో కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చాడట, ఇప్పుడే పదివేలు కడితే ఫీజులో తగ్గింపు ఇస్తానన్నాడట, నీకు ఎంపీసీ సీటు రాయించేద్దామని అనుకుంటున్నాడట. మరి అమ్మాయి ఏమంటోందని అడిగితే "దానికేం తెలుసన్నా" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం వాడికి కాదు, నీకు రాస్తున్నా. చదివి వాడికీ వినిపించు, కోపం వస్తే నా మీద రానీ.

నువ్వింకా పదో తరగతి పరీక్షలే రాయలేదు. షెడ్యూల్ రాకముందు అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెప్తూనే ఉంటుంది, సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే పీఆర్వోలు ఊళ్ల మీద పడుతూనే ఉంటారు. వాళ్లకు సీటుకింత అని ముడుతుంది కాబట్టి వాళ్ల తొందర వాళ్లది. మే నెలలో వెళ్లినా ఆ సీటు అక్కడే ఉంటుంది, చాలాసార్లు ఆ తగ్గింపు కూడా ఉంటుంది.

మీ అన్న సంగతి నీకు సగమే తెలుసు. ముప్పై ఏళ్లు సర్కారు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేసిన నేను నా కొడుకుని మాత్రం హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పడేశా, ఎందుకంటే మా కాలనీలో ఆ ఏడు అందరూ అదే చేశారు, ఇంకే కారణమూ లేదు. ఆదివారం ఫోన్ ఇస్తే వాడు మాట్లాడేవాడు కాదు, ఊపిరి మాత్రం వినపడేది. దసరాకి ఇంటికొచ్చి మళ్లీ బ్యాగు సర్దుకోలేదు. సర్టిఫికెట్లు ఇమ్మని అడిగితే ఏడాది ఫీజు మొత్తం కట్టి తీసుకెళ్లమన్నారు, మూడుసార్లు తిరిగి, చివరికి అప్పు చేసి కట్టా. ఏడాది పోయింది. మరుసటి మే నెలలో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమాలో చేరాడు, ఇవాళ జీడిమెట్లలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల దగ్గర సూపర్‌వైజర్. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి, వాడి పక్క మంచం పిల్లాడు అదే కాలేజీలో చదివి ఎన్ఐటీకి వెళ్లాడు. చదువు ఒకటే, గది ఒకటే, ఒకడికి పడింది, ఒకడికి పడలేదు. నేను చేసిన తప్పల్లా వాణ్ని అడక్కపోవడం.

ఇప్పుడు లెక్క చూడు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతావు కాబట్టి ఇంకో మూడు, ఇదీ ఆరే. బాసర ట్రిపుల్ ఐటీలో రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మళ్లీ ఆరే. ఎటు తిరిగినా ఇంజినీరు కావడానికి ఆరేళ్లే పడుతుందని తెలిసిన తల్లిదండ్రులు పదిమందిలో ఇద్దరు కూడా కనపడలేదు నాకు. తేడా ఎక్కడంటే, మధ్యలో ఆగాల్సి వస్తే చేతిలో ఏముంటుంది అన్న దగ్గర. మూడో ఏడు చివర్లో డిప్లొమా పిల్ల చేతిలో ఉద్యోగానికి అప్లై చేసుకునే కాగితం ఉంటుంది. అదే సమయానికి ఇంటర్ దారిలో వెళ్లిన పిల్ల బీటెక్ మొదటి ఏడాది పూర్తి చేసి ఉంటుంది, అంతే.

అలాగని డిప్లొమా అందరికీ మంచిదని చెప్పను. డాక్టరు కావాలని మనసులో ఉంటే బైపీసీ, నీట్, ఇంకో ఆలోచన వద్దు. ఐఐటీ మీద గట్టి పట్టుదల ఉంటే ఎంపీసీయే. సీఏ అయితే ఎంఈసీయో సీఈసీయో తీసుకో, ఇంటర్ అయ్యాక సీఏలో మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయొచ్చు. లెక్కల మీద ఇష్టం ఉండి ఇంజినీరింగ్ అంటే బోరు కొట్టే పిల్లలకు ఆ దారి చాలా బాగుంటుంది, మన ఇళ్లల్లో దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు. ఇంటర్ చదవాలనుంటే గురుకుల కాలేజీల కోసం టీజీఆర్‌జేసీ ఎంట్రన్స్ కూడా రాసి పెట్టు, సీటొస్తే ఫీజు, హాస్టల్ గోల ఉండదు.

మరి నీ సంగతి? సంక్రాంతికి వచ్చినప్పుడు మీ పెద్దమ్మ పచ్చడి నూరుతుంటే మిక్సీ ఆగిపోయింది గుర్తుందా. నేను కింద ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూసి, కాదులే, షాపుకి పంపిద్దాం అన్నా. నువ్వు స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పావు. విప్పినది కాదు నేను చూసింది. నాలుగు స్క్రూలనీ పాత పేపరు మీద, ఏది ఏ మూలదో అదే మూలకి పెట్టుకున్నావు. మోటారులోని కార్బన్ బ్రష్ అరిగి గోరంతే మిగిలి ఉంటే నాకు చూపించి "ఇది కొత్తది దొరుకుతుందా పెద్దనాన్నా" అని అడిగావు. వర్క్‌షాపులో నేను పిల్లలకు ఆ స్క్రూలు వరసగా పెట్టుకోవడం నేర్పడానికే ఒక సెమిస్టర్ పట్టేది. కాబట్టి నీ విషయంలో నా ఓటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్‌కి. కానీ అది నా ఓటు మాత్రమే, బిడ్డా. నీకు ఇంకేదైనా ఉంటే చెప్పు, మిక్సీ బాగుచేసిన ప్రతి పిల్లా ఎలక్ట్రికల్ చదవాలని రూలేం లేదు.

పాలిటెక్నిక్ అంటే ఎలా ఉంటుందో చెప్తా, సినిమాల్లో చూపించరు కదా. మొదటి ఏడు ఫిట్టింగ్ షాపులో అరచేతి వెడల్పు ఇనుప ముక్క ఒకటి చేతికిస్తాం. దాన్ని వైస్ అనే ఇనుప పట్టులో బిగించి ఆకురాయితో నాలుగు అంచులూ సమానంగా రుద్దాలి. ట్రై స్క్వేర్, అంటే మూలమట్టం, ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మధ్యలోంచి సన్నగా వెలుగు గీత కనపడుతుంది, కనపడిందంటే మళ్లీ రుద్దాలి. మొదటి వారం చేతులు బొబ్బలెక్కుతాయి. ఆడపిల్లలు ఇది చేయలేరని మీ నాయన అంటాడేమో, నా అనుభవంలో ఆ గీత పోయేదాకా ఓపికగా రుద్దేది వాళ్లే, మగపిల్లలు అడ్డదిడ్డంగా రుద్ది "అయిపోయింది సార్" అంటారు. ఆ పని మీద విసుగు రాకపోతే ఆ చదువు నీది.

అసలు కష్టం చేతులకు కాదు, మొదటి ఏడాది మ్యాథ్స్‌తో. పదో తరగతిలో తొంభై వచ్చిన పిల్లలు కూడా తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో పరీక్ష రాయలేక అక్కడ బోల్తా పడతారు, బ్యాక్‌లాగులు, అంటే తప్పిన సబ్జెక్టులు, పేరుకుంటే తర్వాత లేవడం కష్టం. రోజూ ఒక గంట, మొదటి మూడు నెలలు, దాని మీద పెడితే తర్వాత సుఖం. ఈ ఒక్క జాగ్రత్త లేకే మంచి పిల్లలు మధ్యలో మానేయడం చూశా.

పాలిసెట్ 120 మార్కులకు ఉంటుంది, మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి సిలబసే, నెగెటివ్ మార్కులు లేవు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు పుస్తకాలు అమ్మేయకుండా ఉంటే చాలు. వ్యవసాయ డిప్లొమాకి కూడా ఇదే పరీక్షలో బయాలజీ కూడా రాస్తే సరిపోతుంది. అది రెండేళ్లు, తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కి వెళ్లొచ్చు. మీ అమ్మకి ఇది చెప్పు, పత్తి చేను మీద నీకున్న మోజు ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

ఐటీఐ అనగానే మీ ఇంట్లో మొహాలు ఎలా పెడతారో తెలుసు. చదువు రాని వాళ్లకి అది, అంటారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి పదో తరగతి మీద ఐటీఐ గానీ, డిప్లొమా గానీ, ఇంజినీరింగ్ డిగ్రీ గానీ ఉండాలి, ఉత్త ఇంటర్‌తో అప్లికేషనే వేయలేవు. 2022లో సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష మన రాష్ట్రంలో తొలి లైన్‌వుమన్ అయ్యింది, చదివింది ఐటీఐ. జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ఆడవాళ్లను తీసుకునేది లేదంటే హైకోర్టుకి వెళ్లి మరీ అనుమతి తెచ్చుకుని, స్తంభం ఎక్కి చూపించి ఉద్యోగం తెచ్చుకుంది. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్, దాని మీద ఒక మంచి సంస్థలో అప్రెంటిస్‌షిప్, ఇది చేసినవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు. మన దగ్గర 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు, రోబోలు, సీఎన్‌సీలు అంటున్నారు. మంచిదే. కానీ వెళ్లి చూసినప్పుడు మెషీన్ కింద ఇనుప రజను ఉందా, లేక మెషీన్ మీద ఇంకా ప్లాస్టిక్ కవరుందా అన్నది చూడు. నేనైతే ముందు నేలనే చూస్తా.

ఇంటర్ ఒకేషనల్‌లో కూడా మంచి కోర్సులున్నాయి, ల్యాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రికల్, అకౌంట్స్ లాంటివి. చేరితే మాత్రం బ్రిడ్జి కోర్సు పేపర్లు, అంటే మామూలు ఇంటర్‌తో సమానం చేసే అదనపు పేపర్లు, తప్పకుండా కట్టాలి. ఒక పిల్లకి మంచి మార్కులొచ్చి కూడా బ్రిడ్జి కోర్సు సంగతి ఎవరూ చెప్పక ఇంజినీరింగ్ సీట్లిచ్చే ఎంసెట్‌కి పనికిరాకుండా పోయింది (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారులే, నా నోటికి పాత పేరే వస్తుంది). బాసరకి వేరే పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే, సీట్లు 1,500 దాకా ఉంటాయి, సర్కారు బడి పిల్లలకు కాస్త కలుపుతారు. నువ్వు జడ్పీ హైస్కూల్ పిల్లవి కాబట్టి అప్లికేషన్ వేసి తీరాలి. వస్తే నా ఎలక్ట్రికల్ ఓటు వెనక్కి తీసుకుంటా.

ఎక్కడ చేరాలనుకున్నా ముందు ఒకసారి వెళ్లి చూడు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు, అక్కడ అంతా బాగుంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లి, చివరి ఏడాది చదివే అమ్మాయిల్ని ఇద్దరిని పట్టుకుని మూడు అడుగు, ల్యాబ్ ఎన్నిసార్లు జరుగుతుంది, బాత్రూముల్లో నీళ్లొస్తాయా, పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు. మూడోదానికి వాళ్లు పేర్లతో సహా చెప్పారంటే కాలేజీ బతికే ఉన్నట్టు.

ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్ల దగ్గర నెట్ సెంటర్ అతనికి ఫోన్, పాస్‌వర్డ్ ఇచ్చేసి టీ తాగడానికి వెళ్లొద్దని మీ నాయనకు గట్టిగా చెప్పు. ఒకాయన అలా వెళ్లొచ్చేసరికి ఆ సెంటరువాడు తనకు తెలిసిన ప్రైవేటు కాలేజీలు పైన పెట్టేసి సేవ్ చేశాడు, మంచి ర్యాంకున్న పిల్లాడు సర్కారు సీటు పోగొట్టుకున్నాడు. ముందు తెల్లకాగితం మీద నీకిష్టమైన వరసలో రాసుకో, వస్తుందో రాదో అని వరస మార్చకు, ఇష్టమైనది పైన, అంతే. ఎన్ని పెట్టినా డబ్బులడగరు, కాబట్టి పిసినారితనం వద్దు. సేవ్ చేశాక ప్రింటు తీసుకో.

ఇక కాగితాలు. ప్రతి జూన్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర నాకు డ్యూటీ పడేది, అక్కడ ఏడ్చినంతగా ర్యాంకు రానివాళ్లు కూడా ఏడవరు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో ఇప్పుడే అప్లై చేయమను, ఆదాయానిది ఆ సంవత్సరం తీసిందే అడుగుతారు, పాతది పట్టుకొస్తే వెనక్కి పంపుతారు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో నీ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో హాల్‌టికెట్ వచ్చిన రోజే చూసుకో. అన్నింటికన్నా ముఖ్యం, నాలుగు నుంచి పది దాకా ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్. ఒకసారి ఒక పద్మశాలీల పిల్లాడు వచ్చాడు, నాలుగో తరగతి మహారాష్ట్రలోని భివండీలో చదివాడు, అమ్మానాన్న అక్కడ మగ్గాల మీద పనిచేసేవాళ్లు. ఆ ఒక్క ఏడాది కాగితం లేదు. వాళ్ల నాన్న కౌంటర్ ముందు నిలబడి భివండీకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, మా టైమ్ అయిపోయి గది తాళం వేసేదాకా.

నువ్వు కూడా నాలుగు, ఐదు అక్కడే చదివావు కదా. మీ నాయన ఆ పీఆర్వోకి కట్టాలనుకున్న పదివేలు జేబులోనే ఉంచుకుని, ఈ ఆదివారం భివండీలో మీ మేనమామకి ఫోన్ చేసి, సోమవారం పొద్దున్నే ఆ బడికి వెళ్లమని చెప్పమను. రెండేళ్లవీ విడివిడిగా రాయించుకోవాలి, హెడ్మాస్టర్ సంతకం, స్టాంపు రెండూ ఉండాలి. ఒరిజినల్ స్పీడ్ పోస్టులో పంపమను, కొరియర్ వద్దు.

మీ పెద్దనాన్న