నది పక్కన లేని గట్టు

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. కావేరి అభయారణ్యంలో ముత్తత్తి నుంచి మేకెదాటు దాకా నదీలోయకు కాంటూర్ మ్యాప్ (ఒకే ఎత్తున్న చోట్లను గీతలతో కలిపే పటం) గీస్తోంది. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం అనే ఎత్తుల డేటాతో గీస్తే ఒడ్డు వెంబడి పొడుగ్గా గట్టు వస్తోంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌లో (ఎత్తుపల్లాలు చూపే పటంలో) అది లేదు. ప్రాజెక్ట్ గైడ్ తేల్చుకు రమ్మన్నారట. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏది నమ్మాలండీ?
- ఒక తల్లి, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: ఆ గట్టు విషయంలో టోపోషీట్‌నే నమ్మమనండమ్మా. అది మట్టి గట్టు కాదు, చెట్లు. ముత్తత్తి వెళ్లుంటే ఒడ్డున తెల్లమద్ది మానులు ఎంతెత్తున ఉంటాయో చూసే ఉంటారు. ఎస్ఆర్‌టీఎం ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినవి. ఆ తరంగం గుబురు కొమ్మల్లోంచి నేలదాకా దిగదు, మధ్యలోనే ఎక్కడో తగిలి తిరిగొస్తుంది. పైన కొండల మీద పొట్టి చెట్లు, ముళ్లపొదలే ఎక్కువ కాబట్టి అక్కడ తేడా పెద్దగా తెలియదు. ఆ కాంటూర్లను ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడమనండి, ఒడ్డున పచ్చటి చార ఎక్కడుందో గట్టు కూడా అక్కడే ఉంటుంది. గైడ్‌కు చూపించాల్సింది అదే.

మేకెదాటు దగ్గర తంటా వేరు. ఆ డేటాలో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. నది అక్కడ అంతకన్నా ఇరుకైన బండల సందులో దూరుతుంది. బండకూ నీళ్లకూ కలిపి ఒకే ఎత్తు పడేసరికి అంత లోతు కోతా మామూలు పల్లంలా కనిపిస్తుంది. టోపోషీట్ కూడా అక్కడ పూర్తిగా ఆదుకోదు. 1:50,000 స్కేలు షీట్‌లో కాంటూరుకూ కాంటూరుకూ 20 మీటర్ల తేడా, నిట్టనిలువు చోట గీతలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. మా సర్వే రోజుల్లో అలాంటి చోట గీతలు ఆపేసి బండ గుర్తు వేసేవాళ్లం.

ఫోన్‌తో సరిచూస్తానంటే మాత్రం జాగ్రత్త. జీపీఎస్ ఇచ్చే ముడి ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్కించింది కాదు. మన బెంగళూరు వైపు అది 80 మీటర్లకు పైగా తక్కువ చూపిస్తుంది. కొన్ని యాప్‌లు సరిదిద్దుతాయి, కొన్ని దిద్దవు. టోపోషీట్‌లో ఎత్తు అంకె వేసిన చుక్క ఒకటి చూసుకుని, ముందు అక్కడ నిలబడి ఫోన్ ఎంత చెబుతోందో, ఆ అంకెకూ దానికీ తేడా ఎంతో రాసుకోమనండి.

అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టొద్దు, ఏనుగులు తిరిగే చోటు. డ్రోన్ ఊసైతే అసలే ఎత్తొద్దు.