కెమెరా ఎవరి చేతిలో ఉందో చూడు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పిన రోజు ఇంట్లో పాయసం చేశాను. పదేళ్ళు సెట్ల మీద కెమెరా అసిస్టెంటుగా ఎండా వానా చూడకుండా తిరిగినవాడివి, ఇప్పుడు టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలో ఫిల్మ్ ప్రొడక్షన్ ప్రొఫెసర్‌వి అయ్యావు. చాలా గర్వంగా ఉంది. "అత్తయ్యా, ఆగస్టు ఆఖర్లో క్లాసులు మొదలవుతాయి, సిలబస్ దగ్గర కూర్చుంటే టెన్షన్‌గా ఉంది" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నేను మద్రాసు వడపళనిలో ఎడిటింగ్ అసిస్టెంటుగా మొదలుపెట్టి, ఇక్కడ అమెరికాకొచ్చాక 22 ఏళ్ళు ఇలాంటి కాలేజీలోనే ప్రొడక్షన్ చెప్పానని నీకు తెలుసు. నా మొదటి సెమిస్టర్ గురించి మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. ముందు అది విను.

క్లాసులో 20 మంది, కాలేజీలో కెమెరా కిట్లు 4. ఐదుగురికో కిట్ ఇచ్చి, గ్రూపులు మీరే చేసుకోండి, పనులు మీరే పంచుకోండి అన్నాను. పెద్దవాళ్ళకి స్వేచ్ఛ ఇవ్వాలి కదా అనుకున్నాను. సినిమాలు బాగానే వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు కూడా. పదహారో వారం, ఆఖరి క్లాసు అయిపోయాక సామాన్లు లెక్క చూసి పెట్టెల్లో సర్దుతున్నాను. ఒకావిడ ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, పొద్దున స్కూల్ బస్సు నడిపి సాయంత్రం క్లాసుకొచ్చేది. "ప్రొఫెసర్, ఇది ఒక్కసారి ఆన్ చేసి చూడొచ్చా?" అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. కెమెరా చేతికిచ్చాను. రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని పట్టుకుంది. రికార్డు బటన్ ఎక్కడుందో వెతుక్కుంది. ఎర్ర లైటు వెలిగితే నా వైపు చూసి నవ్వింది.

పదహారు వారాలు ఆవిడ క్లాప్ బోర్డు పట్టుకుంది, అందరికీ కాఫీలు తెచ్చింది, తన వ్యాన్‌లో స్టాండ్లు మోసింది. ఒక్క రోజు మానలేదు. కెమెరా ఎవరూ ఇవ్వలేదు, తను అడగలేదు, నేను చూడలేదు. ఆవిడ కట్టిన ఫీజూ, ఇంట్లో ఎవరికో అప్పజెప్పి వచ్చిన సాయంత్రాలూ తలుచుకుంటే ఇప్పటికీ మనసు ముడుచుకుపోతుంది. ఆ తప్పు నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

మనవైపు క్లాసులో ఉన్నవాళ్ళందర్నీ "పిల్లలు" అంటాం. ఇక్కడ ఆ మాట నోట రానీకు. కమ్యూనిటీ కాలేజీలో చేరడానికి ఎంట్రన్స్ లేదు, ఎవరొచ్చినా తీసుకుంటారు. హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సులు చేసే డ్యూయల్ క్రెడిట్ కింద వచ్చే పదహారేళ్ళ కుర్రాడి పక్కన, సైన్యంలో చేసి వచ్చినవాడు కూర్చుంటాడు. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసి నిద్ర కళ్ళతో వచ్చే అమ్మాయి ఉంటుంది. కొందరు రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతారు. కొందరికి డిగ్రీ అక్కర్లేదు, పని నేర్చుకుంటే చాలు. సొంత కెమెరా ఉండి యూట్యూబ్ చూసి అన్నీ నేర్చేసుకున్నవాడు మొదటి రోజే ముందు వరసలో ఉంటాడు. నువ్వు కళ్ళు మూసుకుంటే కెమెరా వాడి దగ్గరికే వెళ్తుంది. వాడు చెడ్డవాడేం కాదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు, పని తెలిసినవాడి చేతికే పోతుంది.

అందుకని ఒక కాగితం మీద గళ్ళు గియ్యి. నిలువునా అందరి పేర్లు. అడ్డంగా ఐదు పనులు: డైరెక్షన్, కెమెరా, సౌండ్, లైటింగ్, అసిస్టెంట్ డైరెక్షన్. క్లాప్, కాల్‌షీటు (ఆ రోజు షూటింగ్ వివరాలు రాసే కాగితం) అసిస్టెంట్ డైరెక్టర్ పనిలోకే వస్తాయి. ఎడిటింగ్ మాత్రం ఎవరిది వాళ్ళే చెయ్యాలి. మొదటి రెండు వారాలూ పరికరాలు చేత్తో పట్టుకోవడానికి. తర్వాత పది వారాల్లో ఐదు చిన్న ఎక్సర్‌సైజులు, రెండేసి వారాలకి ఒకటి, ప్రతిసారీ పని మారాలి. మిగిలిన నాలుగు వారాలూ ఆఖరి సినిమాకి. ఎవరు ఏ పని చేశారో ప్రతి ల్యాబ్ అయ్యాక ఆ గడిలో టిక్ పెట్టు. ఎవరి మాటా నమ్మకు, కళ్ళారా చూసి పెట్టు.

"నేను సినిమాటోగ్రాఫర్ని అవుదామని వచ్చాను, బూమ్ (పొడవాటి కర్ర చివర మైకు) ఎందుకు పట్టుకోవాలి?" అని ఒకడు గొణుగుతాడు. కోప్పడకు. రెండు గంటలు బూమ్ ఎత్తి పట్టుకున్నవాడికి ఫ్రేమ్ అంచు ఎక్కడుందో, నీడ ఎక్కడ పడుతుందో భుజాలకి తెలిసిపోతుంది. రేపు కెమెరా వెనక నిలబడినప్పుడు సౌండ్ మనిషి అవస్థ వాడికి గుర్తుంటుంది. ఇది నాకంటే నీకే బాగా తెలుసు.

మొదటి ఎక్సర్‌సైజు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికొస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, బల్ల మీదున్న కవరు విప్పుతాడు. మాటల్లేవు. ఐదు షాట్లు, ఒక నిమిషం. వాళ్ళు తీసినదాంట్లో బయట తలుపు తోసిన చెయ్యి లోపలి షాట్‌లో మారిపోతుంది. కవరు కుడి నుంచి ఎడమకి వెళ్తుంది. కెమెరా ఏ వైపు ఉండాలో చెప్పే ఊహాగీతని దాటేస్తే, మనిషి వచ్చిన వైపే తిరిగి వెళ్ళిపోతున్నట్టు కనిపిస్తాడు. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే "అయ్యో" అంటారు. కంటిన్యుటీ మీద, అంటే షాటుకీ షాటుకీ తేడా రాకుండా చూసుకోవడం మీద, నువ్వు గంటసేపు చెప్పినా ఆ అయ్యో రాదు. పదిహేను నిమిషాల సైన్స్ ఫిక్షన్ తీస్తామని వచ్చిన గ్రూపుని మెత్తగా ఆపు. సగంలో ఆగిపోయిన సినిమా ఎంత గొప్పదైనా, దాన్ని ఎవరికీ చూపించలేరు.

మొదటి రోజు సిలబస్ మొత్తం చదివి వినిపించకు. ఇరవై నిమిషాల్లో ముఖ్యమైనవి చెప్పి, లైట్లూ అవీ నిలబెట్టే ఇనప సీ-స్టాండ్ ఒకటి మధ్యలో పెట్టు. మూడు కాళ్ళూ విప్పమను. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న కాలు బరువు ఉన్న వైపుకి తిప్పించు. ఇసుక సంచి ఆ కాలి మీదే, నేలకి ఆనకుండా వేలాడాలి. స్టాండుకుండే అడ్డ కడ్డీని బిగించే మర కుడి వైపు ఉండాలి, అప్పుడు బరువు కిందకి లాగినా మర ఇంకా బిగుస్తుంది తప్ప ఊడదు. ఒక్కొక్కర్నీ పిలిచి చేయించు. బస్సు నడిపినావిడ అయినా, కుర్రాడైనా. ఇరవై మందికీ గంట పడుతుంది, పట్టనీ. ఇంటికెళ్ళేటప్పుడు అందరి చేతులకీ ఇనప వాసన ఉండాలి.

సౌండ్ ఆలస్యం చెయ్యకు. మన సినిమాల్లో చాలా ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లో మాటలు మళ్ళీ పలికించుకునేవాళ్ళం కాబట్టి సెట్లో సౌండ్ గురించి నేనూ ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. మొదటి వారంలోనే హెడ్‌ఫోన్స్ పెట్టి కళ్ళు మూసుకోమను. ఏసీ హోరు, ఫ్రిజ్ మోత, పక్క రోడ్డు మీద ట్రక్కు అన్నీ వినపడతాయి. ప్రతి లొకేషన్లో అందరూ కదలకుండా 30 సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి తీరాలని రూల్ పెట్టు. కెమెరా మెమరీ కార్డులోది రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డు చెరపకూడదు, ఇది ఇంకో రూల్.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఇళ్ళల్లో షూట్ చేస్తామంటారు. ఇక్కడి ఇళ్ళల్లో కరెంటు 120 వోల్టులు, గదుల్లో మామూలుగా 15 ఆంప్స్ బ్రేకర్ ఉంటుంది. అంటే 1800 వాట్లు, గంటల తరబడి వాడితే 1440 దాటకూడదు. స్టోర్‌రూమ్‌లో మిగిలిపోయిన పాత 1000 వాట్ల లైట్లు రెండు ఒకే సర్క్యూట్లో పెడితే బ్రేకర్ పడిపోతుంది, లేదా చవక ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కుతుంది. ఈ లెక్క బోర్డు మీద వాళ్ళ చేతే వేయించు. ఆగస్టు, సెప్టెంబర్లలో టెక్సస్ ఎండ నీకు కొత్త కాదు. మధ్యాహ్నం బయట షూటింగ్ పెట్టుకున్న గ్రూపుకి నీడ, నీళ్ళు ఎక్కడున్నాయో కాల్‌షీట్ మీద రాయకపోతే సంతకం పెట్టకు.

2014 ఫిబ్రవరి 20న జార్జియాలో రైలు వంతెన మీద షూటింగ్ జరుగుతుంటే రైలొచ్చి శారా జోన్స్ చనిపోయింది. నీలాగే కెమెరా అసిస్టెంటు, 27 ఏళ్ళు. పట్టాల మీద తియ్యడానికి రైల్వే కంపెనీ ఒప్పుకోలేదు, అయినా తీశారు. ఆ అమ్మాయి పేరు క్లాసులో చెప్పు. మంచి షాట్ కోసం ఎవరైనా ప్రమాదంలోకి నెడితే, క్లాప్ పట్టుకున్నవాళ్ళు కూడా "నేను చెయ్యను" అనొచ్చని మొదటి వారమే చెప్పు. అన్నవాళ్ళకి మార్కు తగ్గదని రాసి మరీ ఇవ్వు.

తుపాకీ సీన్లు అస్సలు వద్దు. న్యూ మెక్సికోలో 2021 అక్టోబర్‌లో సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ సెట్లో తుపాకీ గుండు తగిలి చనిపోయింది. అక్కడ నిపుణులున్నారు, అయినా జరిగింది. నీ దగ్గర ఉన్నది మొదటి సెమిస్టర్ వాళ్ళు. పైగా టెక్సస్‌లో 2017 ఆగస్టు 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు కమ్యూనిటీ కాలేజీల్లోకి తుపాకీని పైకి కనపడకుండా తెచ్చుకోవచ్చు. పార్కింగ్ లాట్‌లో ఒక కుర్రాడు ప్లాస్టిక్ తుపాకీ గురి పెడితే, దారిన పోయేవాడికి అది సినిమా అని ఎలా తెలుస్తుంది? సిలబస్‌లో ఒక్క వాక్యం రాయి: బొమ్మదైనా సరే, ఆయుధం కథలో ఉండదు.

ఆఫీసు పనులు కొన్నున్నాయి, త్వరగా చెప్పేస్తాను. 16 వారాల సెమిస్టర్‌లో కాలేజీ క్లాసులు జరిగే పన్నెండో రోజు సెన్సస్ డే, అంటే కాలేజీ విద్యార్థుల లెక్క తేల్చే రోజు. ఆ రోజుకి ఎవరు నిజంగా వస్తున్నారో సరిగ్గా లెక్క చూసుకో. ఎవరైనా వెనకబడితే "డ్రాప్ చేసుకో" అని తేలిగ్గా అనకు. 2007 ఫాల్ సెమిస్టర్ నుంచి చేరినవాళ్ళకి టెక్సస్‌లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులే వదులుకునే వీలుంది, ఒకటి నీ మాట మీద ఖర్చయిపోతుంది. ముందు సలహాదారు దగ్గరికి పంపించు. వినికిడి లోపమో, చదవడంలో ఇబ్బందో ఉందని కాలేజీ నుంచి ఉత్తరం తెచ్చినవాళ్ళతో ఆ వారమే విడిగా కూర్చుని మాట్లాడు.

నీ పేరు చూసి మనవాళ్ళు ఫోన్ చేస్తారు, ఇది ఖాయం. "మావాడు మీ క్లాసులో ఉన్నాడండీ, ఎలా చేస్తున్నాడు?" అని. చదువు రికార్డుల గోప్యత కోసం చేసిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిది, పదహారేళ్ళవాడైనా సరే. నమస్కారం పెట్టి, మర్యాదగా మాట్లాడి, "మీ అబ్బాయినే అడగండి, లేకపోతే ఆఫీసుని అడగండి" అని ఆగిపో. సినిమా చదువని తెలిసి బెంగపడే తల్లిదండ్రులైతే, ఆఖరి వారం ప్రదర్శనకి రమ్మని పిలువు. కొడుకు పేరు తెర మీద పడినప్పుడు ఆ తండ్రుల మొహాలు నేను చూశాను.

మార్కుల గురించి ఒక్కటే మాట. ఖరీదైన లెన్సు అద్దెకి తెచ్చుకున్నవాడి సినిమా అందంగానే ఉంటుంది. ఆ అందానికి మార్కులెయ్యకు. ఎవరి పని వాళ్ళు ఎలా చేశారు, టైముకి వచ్చారా, సామాను లెక్కగా తిరిగిచ్చారా, ఏం తప్పు జరిగిందో నిజాయితీగా రాశారా అని చూడు. క్లాసులో సినిమా వేసినప్పుడు ముందు వేరేవాళ్ళని మాట్లాడనివ్వు, "ఏం కనిపించింది, ఏం వినిపించింది" అని అడుగు. నువ్వు ఆఖర్న మాట్లాడు. నువ్వు ముందే నోరు విప్పితే ఇక ఎవరూ మాట్లాడరు.

మొదటి రెండు మూడు వారాలు అలిసిపోతావు. సెట్ మీద పన్నెండు గంటలు నిలబడ్డవాడివే అయినా, ఇరవై మంది కళ్ళ ముందు మూడు గంటలు నిలబడడం వేరే అలసట. క్లాసు ముందు రోజు రాత్రి కొత్త పాఠం తయారు చెయ్యకుండా పడుకో. వేళకి తిను.

నా పాత తోలు చేతి తొడుగులు, రెండు గ్యాఫర్ టేపు రోల్స్, ఆ రోజుల నాటి క్లాప్ బోర్డు మీ మామయ్య ప్యాక్ చేసి పోస్ట్‌లో వేశారు. గళ్ళ కాగితం కూడా ఒకటి గీసి పెట్టాను, కాపీలు తీసుకో. నాలుగో వారం అయ్యాక శనివారం పొద్దున నాకు ఫోన్ చెయ్యి. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని కూర్చో, ఎవరి పేరు పక్కన కెమెరా గడి ఇంకా ఖాళీగా ఉందో నాకు చదివి వినిపించు.

మీ అత్తయ్య